బొజ్జ మీద రాయి.. చేప నోట్లో మరమరాలు

అప్పుడు నాకు ఏడేళ్లు. కనుమ రోజు. తాత నన్ను భుజాల మీద ఎక్కించుకుని శంకరం తీర్థానికి తీసుకెళ్లాడు. చుట్టూ జనమే జనం. జీళ్లు, ఖర్జూరం, చెరుకు ముక్కలు, రంగురంగుల బూరలు. కొండ మెట్లెక్కి పైకి వెళ్లాక తాత నన్ను కిందకి దింపి చేతిలో ఒక రాయి పెట్టాడు.

"అదిగో రాక్షసుడి బొజ్జ. కొట్రా గట్టిగా!"

కొట్టాను. తగిలింది. పక్కనున్నవాళ్లు నవ్వారు. తాత వీపు తట్టాడు. ఆ ఏడాదంతా స్కూల్లో నేను చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

కట్ చేస్తే ఇరవై ఏళ్లు. హైదరాబాద్‌లో ఆఫీసు క్యాంటీన్. నాగపూర్ నుంచి వచ్చిన ఒక కొలీగ్ నా ఎదురుగా కూర్చుని ఫోన్‌లో మ్యాప్ చూపించింది. వాళ్లది బౌద్ధ కుటుంబం. రిటైరైన అమ్మానాన్నలకి బౌద్ధ క్షేత్రాలన్నీ చూపిస్తోందట. "మీది అనకాపల్లి పక్కనే కదా, బొజ్జన్నకొండ ఎలా ఉంటుంది? మా నాన్న ఎప్పటి నుంచో అడుగుతున్నారు" అంది. ఆ ఫొటో చూశాను. మెట్లు, గుహలు, కొండ పైన ఇటుకల గుండ్రటి కట్టడం. తెలిసిన కొండే. నేను రాయి విసిరిన కొండ.

"బావుంటుంది, తప్పకుండా రండి" అన్నాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు.

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ కొండని మళ్లీ చూడాలనుకున్నాను. అక్కడి నుంచి మాడుగుల, పాడేరు మీదుగా అరకు లోయకి ఎక్కి, బొర్రా గుహలు చూసి దిగిపోవాలన్నది ప్లాన్. మూడు రోజులు, ఒక కారు. తోడు ఎనభై దాటిన తాత, ఎనిమిదేళ్ల మేనల్లుడు. బయల్దేరే ముందు వాడు అడిగిన మొదటి ప్రశ్న: "మావయ్యా, రాక్షసుడికి నేను కూడా రాయి వేయొచ్చా?"

తాత నా వైపు చూశాడు. నేను కారు తాళాల కోసం వెతికినట్టు నటించాను.

రెండు బొజ్జలు

మాది చోడవరం. 2022 ఏప్రిల్ 4 వరకూ విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత అనకాపల్లి జిల్లా. మా ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుడు చుట్టుపక్కల అందరికీ తెలుసు. కొత్త బండి కొన్నా, కొడుక్కి ఉద్యోగం వచ్చినా ముందు ఆయన దగ్గరికే. అంటే ఆలోచించండి, మా ఊళ్లో ఒక బొజ్జ ఉన్నాయనకి కొబ్బరికాయ కొడతాం. సుమారు 20 కిలోమీటర్ల అవతల ఇంకో బొజ్జని రాళ్లతో కొట్టేవాళ్లం. రెండు చోట్లా అవే చేతులు.

"కనుమ నాడు కాకి కూడా కదలదు" అని అమ్మ ఆపబోయింది. "తీర్థానికి ఆ లెక్క లేదే" అన్నాడు తాత. మినప గారెలు మూటగట్టుకుని బయల్దేరాం. దారి పొడవునా చెరుకు తోటలు. బెల్లం వండే గానుగల దగ్గర నుంచి వచ్చే ఆ తియ్యటి పొగ వాసన ఏసీలోంచి కూడా లోపలికి వచ్చేస్తుంది.

అనకాపల్లి దాటాక నాలుగైదు కిలోమీటర్లలోపే శంకరం. పొలాల మధ్య పక్కపక్కనే రెండు గుట్టలు. తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ. 'శంకరం' అంటే శివుడి పేరనుకుంటాం. నిజానికి అది 'సంఘారామం', అంటే బౌద్ధ భిక్షువులు ఉండే విహారం. నోట్లో నలిగి నలిగి శంకరం అయింది. బుద్ధుని కొండే బొజ్జన్నకొండ అయిందని కూడా అంటారు. పేరు మారింది. పేరుతో పాటు కథ మారింది. కథతో పాటు మన చెయ్యి మారింది. ఈ మూడు రోజుల్లో నాకు అర్థమైంది అంతే. మిగతాదంతా దాని వివరం.

మెట్లెక్కితే

తాత మోకాళ్లు మెట్లకి ఒప్పుకోలేదు. కింద చెట్టు నీడలో కూర్చోబెట్టి మేమిద్దరం ఎక్కాం. కనుమ జనం ఎప్పట్లాగే ఉన్నారు. సెల్ఫీలు, రీల్స్, ఐస్‌క్రీమ్ బళ్లు. కానీ రాళ్లు లేవు. వారసత్వ సంపద కోసం పనిచేసే ఇంటాక్ సభ్యులు, అధికారులు ఏళ్ల తరబడి నచ్చజెప్పి ఆ అలవాటు మాన్పించారు. తీర్థం మిగిలింది, రాయి పోయింది.

ఇక్కడ 1907-08లో పురావస్తు శాఖకి చెందిన అలెగ్జాండర్ రియా తవ్వకాలు జరిపించాడు. అప్పుడు బయటపడినవి చూస్తే మతిపోతుంది. కొండలోకి తొలిచిన గుహలు, బుద్ధుడి శిల్పాలు, రాతిని చెక్కి చేసిన స్థూపాలు, ఇటుకలతో కట్టిన విహారం, మట్టి పాత్రలు. సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది. తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. క్రీస్తు శకం నాలుగు నుంచి తొమ్మిదో శతాబ్దం వరకూ ఇక్కడ భిక్షువులు ఉన్నారని అంచనా. అంటే సుమారు 500 ఏళ్లు! బౌద్ధంలోని మూడు దశలూ, అంటే హీనయానం, మహాయానం, వజ్రయానం ఇక్కడే ఒకదాని తర్వాత ఒకటి నడిచాయి. మన భాషలో చెప్పాలంటే ఒకే సర్వర్ మీద మూడు వెర్షన్లు.

పెద్ద గుహలోకి వెళ్తే చల్లగా ఉంటుంది. లోపల వరుసలుగా స్తంభాలు, మధ్యలో కొండరాతిలోనే చెక్కిన స్థూపం, చుట్టూ ప్రదక్షిణ చేయడానికి దారి. దాని పైన ఇంకో గుహ. అక్కడ ధ్యానంలో బుద్ధుడు. ఇంకా పైకెక్కితే మహాస్థూపం. దాని గర్భం కొండరాయే. కొండ శిఖరాన్ని గుండ్రంగా చెక్కి, దాని మీద ఇటుకలు పేర్చారు. చుట్టూ చిన్న చిన్న మొక్కుబడి స్థూపాలు. పడమటి గుట్ట మీద రాతిలో చెక్కిన స్థూపాలు వరుసల మీద వరుసలు. దూరం నుంచి చూస్తే శివలింగాల్లా కనిపిస్తాయి, అందుకే లింగాలకొండ. ఇండోనేషియాలోని బోరోబుదూర్‌ని ఫొటోల్లో చూసినవాళ్లకి ఠక్కున అదే గుర్తొస్తుంది.

మేనల్లుడు గుండ్రటి ఇటుకల మీద చెయ్యి పెట్టి అడిగాడు.

"ఇదేనా రాక్షసుడి బొజ్జ?"

"కాదురా. ఇక్కడ రాక్షసుడు లేడు. ఇది గుడి లాంటిదే. సన్యాసులు కట్టుకున్నారు."

"మరి నువ్వెందుకు కొట్టావ్?"

సమాధానం నా దగ్గర లేదు. కోడ్‌లో తప్పు ఉంటే ఎవరు రాశారో, ఏ రోజు రాశారో చూసే సదుపాయం ఉంటుంది. ఇక్కడ చూస్తే తాత పేరు వస్తుంది. తాతది చూస్తే వాళ్ల తాతది. అంతకు ముందు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు.

స్థూపం ఫొటో తీసి నాగపూర్ కొలీగ్‌కి పంపాను. కింద రాశాను: 'చిన్నప్పుడు ఇక్కడ నేను రాయి విసిరాను. రాక్షసుడు అని చెప్పారు. ఆ రోజు నీకు చెప్పలేకపోయాను.' రెండు నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక ప్రశ్న వచ్చింది: 'ఇప్పుడు కూడా విసురుతున్నారా?' 'లేదు. ఆపేశారు' అన్నాను. 'అయితే అమ్మానాన్నల్ని తీసుకొస్తాను' అని రిప్లై ఇచ్చింది.

అసలైన రాక్షసి

కిందకి దిగుతుంటే మేనల్లుడి మొహం చిన్నబోయి ఉంది. రాక్షసుడు లేడన్నానుగా! అప్పుడు గుర్తొచ్చింది, రాక్షసుడు లేకపోయినా ఒక రాక్షసి ఉందని. ఈ కొండ దిగువన హారీతి విగ్రహం ఉంది. తాత పక్కనే కూర్చుని ఇద్దరికీ ఆ కథ చెప్పాను.

హారీతికి ఐదొందల మంది పిల్లలు. తన పిల్లలంటే ప్రాణం. కానీ ఊళ్లో వాళ్ల పిల్లల్ని ఎత్తుకెళ్లి తినేసేది. జనం బుద్ధుడి దగ్గర మొరపెట్టుకున్నారు. ఆయన హారీతి చిన్న కొడుకుని దాచేశాడు. కొడుకు కనబడక హారీతి లోకమంతా తిరిగి, ఏడ్చి, చివరికి బుద్ధుడి దగ్గరికే వచ్చింది. "ఐదొందల మందిలో ఒక్కడు పోతేనే నీకింత బాధ ఉంటే, ఒక్క బిడ్డే ఉన్న తల్లికి ఎంత ఉంటుంది?" అన్నాడాయన. అంతే, హారీతి మారిపోయింది. ఆ రోజు నుంచి పిల్లల్ని కాపాడే తల్లి అయింది. పాత బౌద్ధ విహారాల్లో ఆవిడ విగ్రహాలు చాలాచోట్ల ఉంటాయి.

తాత మాట్లాడలేదు. చుట్ట తీసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కారు ఎక్కుతూ అన్నాడు.

"మా తాత నాకు చెప్పేడు, నాను నీకు చెప్పేను. అందులో నా తప్పేటి?"

"తప్పని నేననలేదు తాతా."

"నీ మొకం అంటున్నాది."

ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర తాత నాతో ఇంకో మాట మాట్లాడలేదు.

చేప జెండా రాజులు

ముక్కనుమ తెల్లవారుజామున ఐదింటికి కారు తీశాను. తాత రాడనుకున్నా. చూస్తే మంకీ క్యాప్ పెట్టుకుని ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. చోడవరం నుంచి మాడుగుల రోడ్డు మీద వెళ్తే వడ్డాది వస్తుంది. మనలో చాలామందికి అది టీ తాగే జంక్షన్. ఒకప్పుడు మాత్రం అది రాజధాని. శాసనాల్లో 'ఒడ్డవాది'. మత్స్య వంశపు రాజులు ఇక్కడి నుంచి పాలించారు. ఆ వంశానికి చెందిన అర్జునుడు 1269లో ఇచ్చిన తామ్ర శాసనం ఈ పక్కనున్న దిబ్బిడ పేరుతోనే చరిత్రలో నిలిచింది. తమ వంశం మత్స్య నది దగ్గర పుట్టిందని అందులో చెప్పుకున్నారు. చేప రూపం పొందిన అప్సరసకి, ఒక మునికి పుట్టిన బిడ్డే తమ మూలపురుషుడట.

ఇది చెబుతుంటే రెండు రోజుల్లో మొదటిసారి తాత మధ్యలో అందుకున్నాడు.

"మాడుగుల రాజులదీ చేపేరా. జెండా మీద చేప. సంతకం చేప."

తాత చెప్పింది ఊరి కబురు కాదు. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ ఇదే రాశాడు. మాడుగుల జమీందార్లు తాము మత్స్య దేశపు రాజుల సంతతి అని చెప్పుకునేవారు. చేప ఆకారంలో ఉన్న రాతి సింహాసనం మీద పట్టాభిషేకం. జెండా మీద చేప, సంతకం బదులు చేప బొమ్మ. కింద శంకరంలో తవ్వకాలు మొదలైన ఏడాదే ఈ పుస్తకం రావడం ఒక చిత్రం.

మాడుగులలో ఆగకుండా వెళ్తే పాపం. గోధుమ పాలు, నెయ్యి, పంచదార, జీడిపప్పు వేసి గంటల తరబడి తిప్పి చేసే ఆ హల్వాకి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. తాతకి షుగర్. "వాసన చూస్తాను" అని మూడు ముక్కలు వాసన చూశాడు.

మాడుగుల దాటి గరికబంద నుంచి ఘాట్ మొదలవుతుంది. ఒక్కో మలుపుకీ చలి పెరుగుతుంది. జనవరిలో మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే, ముందు వెళ్లే బస్సు వెనక లైట్లు తప్ప ఏమీ కనిపించవు. కొంత ఎత్తుకి వెళ్లాక ఒక్కసారిగా ఎండ. కిందకి చూస్తే మనం వదిలొచ్చిన ఊళ్లన్నీ తెల్లటి దూది కింద. అమ్మవారి పాదాల దగ్గర బండి ఆపి మోదకొండమ్మకి దణ్ణం పెట్టుకున్నాం. ఈ దారిలో ఆ పని చెయ్యకుండా వెళ్లే డ్రైవర్ని నేను చూడలేదు.

కూర వండితే రాయైపోతాడు

పాడేరు నుంచి హుకుంపేట వైపు వెళ్లి, మఠం అనే ఊరు దగ్గరికి చేరాం. అక్కడుంది మత్స్యగుండం.

ఇది డ్రోన్ షాట్లకి లొంగే చోటు కాదు. దగ్గరికెళ్లి నిలబడాలి. మత్స్యగెడ్డకి అడ్డంగా పెద్ద పెద్ద బండలు. నది ఆ బండల కిందికి దూరి మాయమైపోతుంది. కొంత దూరం తర్వాత మళ్లీ బయటికొస్తుంది. వచ్చిన చోట ఒక మడుగు. ఆ మడుగు నిండా చేపలు. ఒడ్డున కూర్చుని మరమరాలు వేస్తే చాలు, నీళ్లు ఉడుకుతున్నట్టు కదులుతాయి. భయం లేదు. మనిషి నీడ పడితే పారిపోవాల్సిన చేప, మనిషి నీడ చూసి దగ్గరికొస్తుంది.

పక్కనే మత్స్యలింగేశ్వరుడి గుడి. శివరాత్రికి పెద్ద జాతర. ఇక్కడ ఎవరూ గాలం వేయరు, వల వేయరు. ఫ్రాన్సిస్ 1907 పుస్తకంలో కూడా ఈ చేపల సంగతి, శివరాత్రికి వాటికి తిండి పెట్టే ఆచారం ఉన్నాయి. అంటే కనీసం 100 ఏళ్లకి పైగా ఈ నియమం అలాగే ఉంది. కాపలా మనిషి లేడు, సీసీ కెమెరా లేదు.

"వీటిని ఎవరూ పట్టుకోరా తాతా?"

తాత మరమరాల పొట్లం వాడి చేతిలో పెట్టి మొదలెట్టాడు. "పూర్వం ఎడ్ల మీద సరుకులు తోలుకెళ్లే వ్యాపారి ఒకడు వచ్చేడు. ఒక చేపని పట్టేసి కూర వండుకున్నాడు. చేపల రాజుకి కోపం వచ్చి శపించేసింది. ఆడూ, ఆడి ఎడ్లూ అన్నీ రాళ్లయిపోనాయి. అదిగో, ఆ బండలవే."

మేనల్లుడు ఆ బండల వైపు, చేపల వైపు, మళ్లీ బండల వైపు చూశాడు. తర్వాత తాతనే అడిగాడు.

"మరి బొజ్జన్నకొండకి ఇలాంటి కథ ఎందుకు చెప్పలేదు తాతా?"

నేను నీళ్లలోకి చూస్తున్నాను. తాత జవాబు చెప్పలేదు. పొట్లంలో మిగిలినవన్నీ ఒకేసారి మడుగులో పోసేశాడు.

అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాను. రెండు చోట్లకీ మధ్య ఒక్క ఘాట్ రోడ్డు తేడా. రెండు చోట్లా చదువు లేని మామూలు జనమే తాత నుంచి మనవడికి కథ చెప్పుకుంటూ వచ్చారు. ఒక కథ చేతికి రాయి ఇచ్చింది. ఇంకో కథ చేతికి మరమరాలు ఇచ్చింది. రాసిన బోర్డులు, చట్టాలు, జరిమానాలు అన్నీ కావాల్సిందే. కానీ ఎవరూ చూడనప్పుడు చెయ్యి ఏం చేస్తుందన్నది కథే తేలుస్తుంది.

ఇంకో విశేషం. ఘాట్‌కి ఇవతల పడ్డ వాన పెద్దేరు, శారదా నదుల్లో కలిసి మా చెరుకు తోటల మీదుగా సముద్రంలోకి వెళ్తుంది. మత్స్యగెడ్డ నీళ్లు మాత్రం అటు తిరిగి, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ దగ్గర కరెంటు పుట్టించి, సీలేరు, శబరి మీదుగా గోదావరికి చేరతాయి. ఒకే కొండ, రెండు దారులు.

లోయలో రాత్రి

సాయంత్రానికి అరకు చేరాం. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, చుట్టూ గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట లాంటి కొండలు కంచెలా నిలబడితే మధ్యలో పళ్లెంలా ఉంటుంది లోయ. వలిసె పూల పసుపు అప్పటికే చాలావరకు రాలిపోయింది. దాని బదులు కాఫీ పళ్లు ఎర్రగా నిండి ఉన్నాయి. పెద్ద చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు. ఒకే నేల మీద మూడు ఆదాయాలు. ఇక్కడి గిరిజన రైతులు పండించే అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది.

పొద్దున్నే లేచి బయటికొస్తే లోయ లేదు. మంచు. కోడి కూత వినిపిస్తుంది, కోడి కనిపించదు. ఏడు దాటాక ఒక్కో ఇల్లు, ఒక్కో చెట్టు లోడ్ అవుతున్న ఫొటోలా మెల్లగా తేలాయి. తాత గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కాఫీ తాగుతూ అన్నాడు: "ఇన్నేళ్లు బతికేను, మనూరెనకాల ఇలాటి చోటుందని తెలీదురా." చోడవరంలో పుట్టి పెరిగినా ఆయన అరకు రావడం అదే మొదలు. కొండ కింద బతికినవాళ్లకి కొండ ఎక్కే తీరిక ఎప్పుడుంటుంది?

బొర్రాలో ఒక బగ్

మూడో రోజు బొర్రా గుహలు. తాత పైన టీ కొట్టు దగ్గర ఆగిపోయాడు. మేమిద్దరం దిగాం.

బొర్రా గుహల గురించి నెట్‌లో ఏది తెరిచినా ఒక వాక్యం ఉంటుంది: 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకి చెందిన విలియం కింగ్ వీటిని కనిపెట్టాడు అని. చిన్న సమస్య. ఆ సంస్థ మొదలైందే 1851లో. పుట్టని సంస్థలో ఉద్యోగం ఎలా చేస్తారు? కాపీ పేస్ట్‌లో తప్పు ఎలా పాకుతుందో మా వృత్తిలో రోజూ చూస్తాం. ఇదీ అలాంటిదే. అసలు 'కనిపెట్టడం' అన్న మాటే తప్పు. చుట్టూ తరతరాలుగా గిరిజన గూడేలున్నాయి. ఆంధ్రా యూనివర్సిటీ మానవశాస్త్ర పరిశోధకులకు ఇక్కడ పాత రాతియుగపు పనిముట్లు దొరికాయి. ఎవరో దొర రాకముందే వేల ఏళ్ల క్రితం ఎవరో ఇక్కడ రాయి చెక్కుకుంటూ కూర్చున్నారు.

ఊళ్లో చెప్పే కథ వేరు. మేత మేస్తున్న ఆవు ఒకటి పైనున్న కన్నంలోంచి లోపల పడిపోయింది. వెతుక్కుంటూ వచ్చిన కాపరికి గుహ, అందులో శివలింగం కనిపించాయి. పడ్డా ఆవుకి ఏమీ కాలేదు కాబట్టి స్వామి కాపాడాడన్నారు. గుహ దగ్గరే గోస్తనీ నది. పేరులోనే ఆవు పొదుగు ఉంది. బొర్రా అంటే ఒడియాలో కన్నం.

శాస్త్రం చెప్పేదీ తక్కువ అద్భుతం కాదు. వాన నీరు మట్టిలోంచి ఇంకుతూ కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుంటుంది. అప్పుడు అది చాలా పలచని ఆమ్లం. సున్నపురాతిని కొంచెం కొంచెం కరిగిస్తుంది. ఆ చుక్క గుహ పైకప్పు నుంచి వేలాడి రాలేలోపు, కరిగిన సున్నంలో రవ్వంత అక్కడే వదిలేస్తుంది. అలా చుక్క చుక్కకీ పైనుంచి కిందికో స్తంభం, కింద నుంచి పైకో స్తంభం పెరుగుతాయి. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే గొప్ప. మీ చిటికెన వేలంత పొడవు కావడానికి కొన్ని వందల ఏళ్లు.

అలాంటి రాతి మీద పేర్లు గీసి ఉన్నాయి. లవ్ గుర్తులు, బాణాలు, ఏడాది నంబర్లు. వీటిని గీసినవాళ్లు ఎవరూ రాక్షసుడి కథ విని రాలేదు. చదువుకున్నవాళ్లు, ఫోన్లున్నవాళ్లు, మనలాంటివాళ్లు. ఏ కథా లేకుండా వచ్చారు, అంతే. నా చేతి రాయికి కనీసం ఒక కథ ఉండేది.

మేనల్లుడు మెరుస్తున్న ఒక సున్నపు స్తంభం వైపు చెయ్యి చాపాడు. "ముట్టుకోకు. మన చేతి జిడ్డు అంటితే ఇక అక్కడ పెరగదు" అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కాసేపయ్యాక చెవిలో అడిగాడు: "ముట్టుకుంటే ఇది చచ్చిపోతుందా మావయ్యా?" "ఇంచుమించు అంతే" అన్నాను. బయటికొచ్చే వరకూ వాడు చెయ్యి జేబులోంచి తియ్యలేదు.

మీరూ బయల్దేరుతున్నారా?

బొజ్జన్నకొండకి అనకాపల్లి నుంచి ఆటోలు దొరుకుతాయి. జనం లేకుండా చూడాలంటే కనుమ రోజు వద్దు. కొండ మీద నీడ తక్కువ, పొద్దున్నే ఎక్కండి. లింగాలకొండని వదిలేయకండి. చాలామంది ఒక గుట్ట చూసి తిరిగెళ్లిపోతారు.

చలికాలంలో పాడేరు ఘాట్ తెల్లవారకముందు ఎక్కొద్దు, మంచులో మలుపులు కనిపించవు. కొండల మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, చేతిలో కొంత క్యాష్ ఉంచుకోండి. మత్స్యగుండంలో బండలు జారుడు, పిల్లల చెయ్యి వదలొద్దు. మరమరాలు వెయ్యండి, ప్లాస్టిక్ కవర్ వెనక్కి తెచ్చుకోండి.

బండి వద్దనుకుంటే విశాఖ నుంచి రైలుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. యాభైకి పైగా సొరంగాలు. బొర్రా గుహల స్టేషన్లో దిగొచ్చు. గుహలోపల మెట్లు తడిగా ఉంటాయి, గ్రిప్ ఉన్న చెప్పులు వేసుకోండి. చేతులు మాత్రం జేబుల్లో.

ఇంటికొచ్చాక

అనంతగిరి ఘాట్ మీదుగా దిగి శృంగవరపుకోట దాటి ఇంటికి చేరేసరికి రాత్రయింది. మర్నాడు హైదరాబాద్ బస్సు కోసం బ్యాగ్ సర్దుకుంటుంటే, అరుగు మీద నుంచి తాత గొంతు వినిపించింది. వీధిలో పిల్లలు నలుగురైదుగురు చుట్టూ కూర్చున్నారు. మేనల్లుడు ముందు వరసలో.

"ఆ కొండ కింద ఒక రాక్షసి ఉండేదిరా. ఐదొందల మంది పిల్లలట ఆవిడికి..."

తలుపు దగ్గరే నిలబడిపోయాను. తాత చెబుతున్న కథలో హారీతి చీర రంగు ఉంది, ఆవిడ ఏడుస్తూ అనకాపల్లి సంతలో కొడుకుని వెతకడం ఉంది. నేను చెప్పినవి కావవి. దిద్దాలనిపించలేదు. కథ ఆయనది అయిపోయింది.

వెనక కూర్చున్న పిల్లాడొకడు అడిగాడు: "మరి ఆవిడ మీద రాళ్లు వేస్తారా తాతా?"

తాత ఒక్క క్షణం ఆగాడు. నేను వింటున్నానని ఆయనకి తెలుసో తెలీదో.

"రాయెందుకురా? ఆవిడ మారిపోనాది కదా" అన్నాడు.